బావి కాడి కేబుల్ వైరు, రోడ్డు మీది వడ్లు: ఒక మండల పోలీస్ స్టేషన్‌లో గ్రామ పోలీసు అధికారుల పనితీరు

ఉత్తర తెలంగాణలో శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ ఆయకట్టు కింద ఉన్న ఒక మండలంలో నేను స్టేషన్ హౌస్ ఆఫీసర్‌గా పనిచేసిన కాలంలో, గ్రామ పోలీసు అధికారుల ద్వారా రెండు సమస్యలను ఎలా చేపట్టామో, వాటిలో ఏది ఎంతవరకు తీరిందో ఈ కేస్ స్టడీలో వివరిస్తున్నాను. మొదటిది బావుల దగ్గర, కాలువ గట్ల మీద జరిగే కేబుల్ వైర్ల, ట్రాన్స్‌ఫార్మర్ రాగి తీగల దొంగతనాలు. రెండోది కోతల కాలంలో తారు రోడ్ల మీద వడ్లు ఆరబోయడం వల్ల రాత్రిపూట జరిగే ద్విచక్ర వాహన ప్రమాదాలు. మొదటిది ఊరివాళ్ల బాధ, రెండోది స్టేషన్ బాధ. ఊరి బాధను మేం ముందు పట్టించుకున్నందువల్లనే స్టేషన్ బాధను ఊరు పట్టించుకుందని, ఈ వరుస తారుమారై ఉంటే రెండూ ఎక్కడివక్కడే ఉండేవని నా నిశ్చితాభిప్రాయం. మండలం, గ్రామాలు, వ్యక్తుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. నిందితులతోపాటు ఫిర్యాదుదారులు కూడా ఇప్పటికీ ఆ ఊళ్లలోనే బతుకుతున్నారు కనుక అది అవసరం.

వ్యవస్థ, దాని నేపథ్యం

తెలంగాణలో గ్రామ పోలీసు అధికారి, అంటే అందరూ వీపీవో అని పిలిచే వ్యక్తి, కొత్త నియామకం కాదు. స్టేషన్‌లో ఉన్న కానిస్టేబుల్‌కే కొన్ని గ్రామాలను అప్పగించి, అతని పేరు, ఫోన్ నంబరు పంచాయతీ గోడ మీద రాయించి, ఆ ఊళ్ల మంచిచెడ్డలకు అతన్ని బాధ్యుణ్ణి చేస్తారు. ఇలాంటి ఏర్పాట్లు వేరే చోట్ల కూడా ఉన్నాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2002 నాటి పోలీసు సంస్కరణ చట్టం అరెస్టు చేసే పోలీసు అధికారం లేని సామాజిక సహాయ అధికారులను తెచ్చింది. 2008 నాటికి ప్రతి ప్రాంతానికీ ఒక బృందం ఉండాలన్న లక్ష్యంతో అక్కడి పొరుగు పోలీసింగ్ విస్తరించింది. కేరళ 2008లోనే జనమైత్రి పథకం కింద బీటు అధికారిని ఇంటింటికీ పంపింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలలో మహిళా పోలీసు ఒక ఉద్యోగి. వీటన్నిటితో పోలిస్తే తెలంగాణ నమూనాకు ఖర్చు తక్కువ, బలహీనత ఎక్కువ. వీపీవోకు అది ఉన్న పనికి తోడైన పనే తప్ప అతని అసలు పని కాదు.

అయినా ఆ నమూనా ఏం చేయగలదో 2018లో జోగులాంబ గద్వాల జిల్లాలో కనిపించింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లతో ఆ ఏడాది మే నెలలో తెలంగాణలో కొన్ని చోట్ల అమాయకులను కొట్టి చంపిన రోజులవి. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గ్రామాలకు కేటాయించిన కానిస్టేబుళ్లను, డప్పు కళాకారులను ఊరూరికీ పంపి పుకారును పుకారుగానే ఆపించారు. ఊరికి ముందే పరిచయమైన కానిస్టేబుల్ ఉన్నాడు కనుకనే ఆ మాట ఊళ్లో చెల్లింది.

మా మండలంలో ఆ పరిచయమే కరువు. నిజాం కాలం నుంచి శాంతిభద్రతలు చూసిన పోలీస్ పటేల్, శిస్తు చూసిన మాలీ పటేల్, లెక్కలు చూసిన పట్వారీ 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేయడంతో వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లినందుకు ఎవరూ బాధపడలేదు. తర్వాతి రెండు దశాబ్దాలు నక్సలైట్ల ప్రాబల్యం వల్ల స్టేషన్లు ముళ్లకంచెల వెనక, ఇసుక బస్తాల చాటున నడిచాయి. కానిస్టేబుల్ ఒంటరిగా, యూనిఫాంలో ఊళ్లోకి వెళ్లే పరిస్థితి లేదు. ఆ పరిస్థితి పోయి చాలా కాలమైనా, ఊరివాడు స్టేషన్ గడప తొక్కాలంటే మధ్యలో ఒక పెద్దమనిషి ఉండాలన్న అలవాటు మాత్రం మిగిలిపోయింది. ఇక గ్రామంలో ప్రభుత్వం తరఫున ఉండే మనుషులు ఒక్కొక్కరే తగ్గారు. 2020 సెప్టెంబరులో వీఆర్వో వ్యవస్థ రద్దయింది. 2023లో వీఆర్ఏలను ఇతర శాఖలలో సర్దారు. 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. ఈ కేస్ స్టడీ ఆ కాలానిదే. పంచాయతీ కార్యదర్శి, కారోబార్ (పంచాయతీ గుమాస్తా) తప్ప ఊళ్లో అధికారికంగా మాట్లాడేవారు లేని సమయంలో వీపీవో వారం వారం కనబడటమే ఒక విశేషంగా ఉండేది.

స్టేషన్ లెక్క, ఊరి లెక్క

నేను బాధ్యతలు తీసుకునేనాటికి స్టేషన్ రికార్డుల ప్రకారం మండలంలోని సమస్యలు రోడ్డు ప్రమాదాలు, పొలం గెట్ల తగాదాలు, తాగి కొట్టుకోవడాలు, ఈ మధ్య పెరిగిన సైబర్ మోసాలు. కేబుల్ వైర్ల దొంగతనం మీద నమోదైన కేసులు వేళ్ల మీద లెక్కించదగినవి. ఆ లెక్క చూసి ఎవరైనా అది సమస్యే కాదనుకుంటారు. వీపీవోలను వాళ్లకు కేటాయించిన ఊళ్లకు పంపి, ఏ ప్రచారమూ చేయకుండా కూర్చుని వినమని చెప్పాక, దాదాపు ప్రతి ఊరినుంచీ మొదటి మాటగా వచ్చింది ఈ వైర్ల సంగతే.

కారణాలు వెతకవలసిన పని లేకుండా రైతులే చెప్పారు. స్టార్టర్ డబ్బా నుంచి బావిలోని మోటారు దాకా వెళ్లే కేబుల్‌ను రాత్రి కోసుకుపోతే, తెల్లారేసరికి రైతుకు కావలసింది కొత్త వైరు, ఎలక్ట్రీషియన్, ఆ పూట నీళ్లు. స్టేషన్‌కు రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, దరఖాస్తు రాయించాలి, వైరు కొన్న బిల్లు అడుగుతారు. పదేళ్ల కిందట కొన్న వైరుకు బిల్లు ఎవరి దగ్గర ఉంటుంది? వచ్చినా దొరకదన్న నమ్మకం సరేసరి. అందువల్ల ఒక్కొక్కరి నష్టం చిన్నదై, అందరి నష్టం పెద్దదై, స్టేషన్ పుస్తకంలో మాత్రం దాదాపు సున్నాగా ఉండిపోయింది. ఒకే కాలువ గట్టు మీద వరుసగా ఉన్న మోటార్లన్నిటి వైర్లూ ఒక్క రాత్రిలో పోయిన సంఘటన కూడా స్టేషన్‌కు చేరలేదు.

చట్టం వైపు నుంచి కూడా ఒక చిక్కు ఉంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం, దొంగిలించిన సొత్తు విలువ 5,000 రూపాయల కంటే తక్కువై, తొలిసారి దోషిగా తేలిన వ్యక్తి ఆ సొత్తునో దాని విలువనో తిరిగి ఇస్తే అతనికి సమాజ సేవ శిక్షగా పడుతుంది. దర్యాప్తు, విచారణ పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత మొదటి షెడ్యూలు ఆ తరహా చిన్న దొంగతనాన్ని నాన్‌ కాగ్నిజబుల్‌గా చూపుతుంది; 174వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దాన్ని దర్యాప్తు చేయడానికి లేదు. నగరంలో చిల్లర దొంగతనానికి ఈ సడలింపు న్యాయమే కావచ్చు గానీ, పొట్టదశలో ఉన్న వరికి రెండు తడులు తప్పితే పోయేది వైరు ఖరీదు కాదు. అందుకని నష్టాన్ని వైరు ఖరీదుతో కాక, దాని స్వభావంతో చూడటం మొదలుపెట్టాం. వ్యవసాయానికి అందే నీటిని తగ్గించేలా చేసే విధ్వంసాన్ని న్యాయ సంహిత 326వ సెక్షన్ ప్రత్యేక నేరంగా చూస్తుంది. విద్యుత్ లైన్లు, సామగ్రి దొంగతనం 2003 నాటి విద్యుత్ చట్టం 136వ సెక్షన్ కిందకు వస్తుంది, అది కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండానే దర్యాప్తు చేయగల నేరం కూడా. ముఠాగా చేసే చిన్న దొంగతనాలకు న్యాయ సంహిత 112వ సెక్షన్ ఉంది. ఏ సంఘటనకు ఏది వర్తిస్తుందో వాస్తవాలను బట్టి నిర్ణయించాలి, అన్నీ కలిపి రాసేస్తే కోర్టులో నిలవవు. కానీ ఫిర్యాదు తీసుకునే రైటర్‌కు ఈ దారులు తెలిసి ఉంటే "ఇది చిన్న విషయం" అన్న మాట అతని నోటినుంచి రాదు.

నష్టాల పుస్తకం

మొదటగా చేసిన పని ప్రతి వీపీవోకు ఒక పుస్తకం ఇవ్వడం. ఎఫ్ఐఆర్ అయినా కాకపోయినా, ఎన్నాళ్ల కిందటిదైనా, పోయిన ప్రతి వైరునూ అందులో రాయాలి: ఏ బావి, ఏ రాత్రి, సుమారు ఎంత పొడవు, రాగిదా అల్యూమినియందా, బండి వెళ్లే బాటకు ఎంత దూరం, ఆ సమయంలో కరెంటు ఉందా, మోటారు వాడకంలో ఉందా. ఇది ఫిర్యాదుకు ప్రత్యామ్నాయం కాదని, కాగ్నిజబుల్ నేరమని తేలితే నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని స్పష్టంగా చెప్పాను. కేసులు తక్కువ కనబడాలనే కోరికతో ఇలాంటి పుస్తకాన్ని ఎఫ్ఐఆర్‌కు బదులుగా వాడుకునే ప్రమాదం ఉందని ఈ శాఖలో పనిచేసిన ఎవరికైనా తెలుసు. అందుకే ప్రతి వారం ఆ పుస్తకాన్ని స్టేషన్ రోజువారీ నమోదు పుస్తకమైన జనరల్ డైరీతో పక్కపక్కన పెట్టి నేనే చూసేవాణ్ణి.

పుస్తకం నిండేకొద్దీ ఒక క్రమం బయటపడింది. దొంగతనాలు పంటకు నీళ్లు పారుతున్న రోజుల్లో కాక, వారబందీలో, అంటే నీళ్లను వంతులవారీగా వదిలే పద్ధతిలో కాలువ బందైన రోజుల్లో, యాసంగి కోతలు అయ్యాక మోటార్లు ఖాళీగా ఉన్న వారాల్లో ఎక్కువ. కారణం తేలికే: ఆ రోజుల్లో రైతు రాత్రిపూట బావి దగ్గరకు వెళ్లడు, వైరు పోయిన సంగతి కూడా పది రోజులకు గానీ తెలియదు. అన్నీ బండి బాటకు దగ్గరగా ఉన్న బావులే. లోపలి పొలాల జోలికి ఎవరూ పోలేదు. ఒక ఊరి రైతులు రాత్రి గాలికి రబ్బరు కాలిన వాసన వచ్చిందని చెప్పారు. రాగి తీగ మీది పూతను కాల్చి తీస్తారు కనుక, ఆ మాట పట్టుకుని వీపీవో పశువుల కాపర్లను అడుగుతూ వెళ్తే వాడకంలో లేని ఒక రాతి క్వారీలో మసి, సగం కాలిన పూత ముక్కలు కనిపించాయి. ఇది గొప్ప దర్యాప్తు నైపుణ్యం కాదు. గొర్లు కాసేవాళ్లతో మాట్లాడే తీరిక, చనువు ఉన్న కానిస్టేబుల్ ఉండటమే ఇందులో విషయం.

అక్కడినుంచి పాత ఇనుప సామాన్ల దుకాణాల వైపు వెళ్లాం. కాల్చిన రాగి ఎవరు తెచ్చారో, ఎవరి ఆధార్ చూసి కొన్నారో రాసుకోవాలని దుకాణదారులకు చెప్పాం. దొంగ సొత్తని తెలిసి కొనేవారికి న్యాయ సంహిత 317వ సెక్షన్ వర్తిస్తుందని గుర్తుచేశాం. కొద్ది వారాల్లోనే క్వారీ దగ్గర ఇద్దరు దొరికారు, వాళ్ల ద్వారా కొన్న వ్యక్తి దొరికాడు. వాళ్లలో ఒకరు అదే మండలం మనిషని తెలిసినప్పుడు ఊళ్లో కలిగిన ఆశ్చర్యం కొంచెం నటనే అని నాకు అనిపించింది. చాలామందికి అనుమానం ఉండి ఉంటుంది, చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

దొరికిన రాగి ఏ రైతుకూ తిరిగి చేరలేదన్నది ఈ కేసులో చేదు భాగం. పూత కాలిపోయిన తీగ ఏ బావిదో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. వైరు మీద పేరు రాసుకోవాలన్న సలహా కొన్ని చోట్ల ఇస్తుంటారు గానీ, రాసిన పూతే కాలిపోతుంది కనుక కాల్చకముందే దొరికితే తప్ప దానివల్ల ఉపయోగం లేదు. అందువల్ల అరెస్టుల కంటే నివారణకే ఎక్కువ సమయం పెట్టాం. కాలువ బందైన రోజుల్లో పైనున్న వైరును విప్పి ఇంటికి తెచ్చుకోవడం, స్టార్టర్ నుంచి బావి దాకా పైపులో పెట్టి భూమిలో పూడ్చడం, కొత్తగా కొనేవాళ్లు రాగికి బదులు అల్యూమినియం కేబుల్ తీసుకోవడం మేం సూచించిన మార్గాలు. అల్యూమినియానికి లావు ఎక్కువ కావాలి, కనెక్షన్ల దగ్గర వదులైతే వేడెక్కుతుంది. ఆ సంగతి పోలీసు కాక లైన్‌మెన్ చెప్తేనే రైతు వింటాడు కనుక రైతు వేదికలో వ్యవసాయ విస్తరణాధికారి పెట్టే సమావేశాలకే లైన్‌మెన్‌ను, వీపీవోను కలిపి పంపాం. పోలీసు పేరుతో వేరే సమావేశం పెట్టి ఉంటే సగం మంది వచ్చేవారు కాదు.

ట్రాన్స్‌ఫార్మర్ల విషయంలో ఏర్పాటు వేరు. దొంగలు కరెంటు ఆపే ఏబీ స్విచ్ దించి, దిమ్మె మీదినుంచి ట్రాన్స్‌ఫార్మర్‌ను కింద పడేసి, ఆయిల్ పారబోసి లోపలి చుట్టను తీసుకుపోతారు. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ ఆగిపోతే సబ్‌స్టేషన్‌లో ఫీడర్ ట్రిప్ కాదు; ఆటో స్టార్టర్లు పెట్టుకుని ఇంట్లో పడుకున్న రైతుకూ తెలియదు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక, ఒకప్పుడు రాత్రి కరెంటు కోసం బావుల దగ్గర కాపలా ఉన్నట్టుండే రైతులు ఇళ్లలోనే ఉంటున్నారు. అది వాళ్ల సుఖానికి మంచిదే, దొంగలకూ మంచిదైంది. అర్ధరాత్రి "మా ఒక్క ట్రాన్స్‌ఫార్మరే బందైంది" అని ఎవరైనా సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే, ఆపరేటర్ వెంటనే ఆ ఊరి వీపీవోకు, గస్తీ బండికి చెప్పాలన్న చిన్న ఒప్పందం విద్యుత్ శాఖ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)తో కుదుర్చుకున్నాం. ఖర్చు లేని పని. చాలాసార్లు అది మామూలు ఫ్యూజు పోవడమే అయ్యేది. ఒకసారి మాత్రం గస్తీ బండి వెలుతురు చూసి, దించిన ట్రాన్స్‌ఫార్మర్‌ను అక్కడే వదిలి పారిపోయారు.

ఊరి యువకులు రాత్రి కాపలా తిరుగుతామని ముందుకొచ్చారు. దీన్ని వెంటనే ఒప్పుకోలేదు. అడవిపందుల కోసం మక్కజొన్న చేల చుట్టూ కరెంటు తీగలు పెట్టే అలవాటు ఈ ప్రాంతంలో ఉంది. చీకట్లో చేను గట్టున నడిచే మనిషి ప్రాణానికి దొంగ కన్నా ఆ తీగే ప్రమాదం. ముందు ఆ తీగలు తీయించాలి, మనిషి చనిపోతే అది ప్రమాదం కింద పోదని, నేరపూరిత నరహత్య కింద కేసు అవుతుందని చెప్పించాలి. 2018 నాటి మూకదాడుల సంగతి కూడా మనసులో ఉంది. చివరకు కాపలా బృందాలు కాలువ గట్టు, బండి బాట దాటి వెళ్లకూడదని, కర్రలు పట్టుకోకూడదని, కొత్త మనిషి కనబడితే ఆపకుండా బండి నంబరు చూసి ఫోన్ చేయాలని మాట తీసుకుని, ప్రతి బృందం పేర్లు స్టేషన్‌లో రాసుకున్నాకే ఒప్పుకున్నాం. కొన్ని ఊళ్లలో రెండు వారాల్లో ఆ ఉత్సాహం చల్లారింది. అది సహజం, దాని మీద ఆధారపడి ప్రణాళిక వేసుకోలేదు.

వారంలో ఒక రోజు

ఇదంతా నడవడానికి ఆధారమైనది వీపీవో ఊళ్లో ఉండే సమయం, అదే అన్నిటికంటే దొరకని వస్తువు. బందోబస్తు, కోర్టు పని, సమన్లు, ప్రముఖుల పర్యటనలు వరసగా వస్తుంటే గ్రామ పర్యటన కాగితం మీదే జరుగుతుంది. రోజూ వెళ్లాలని ఆదేశిస్తే ఎవరూ వెళ్లరని అనుభవం చెప్తున్నందువల్ల వారానికి ఒక్క రోజునే నిర్ణయించి, పెద్ద బందోబస్తు తప్ప మరే పనికీ ఆ రోజు వీపీవోను లాగకుండా రైటర్‌కు గట్టిగా చెప్పాం. ఆ రోజు ఊరి అంగడి రోజు అయితే మేలు. పంచాయతీ కార్యాలయంలో కూర్చోవడం కన్నా అంగడిలో, పాల కేంద్రం దగ్గర నిలబడితే ఎక్కువ మంది కలుస్తారు. పంచాయతీ గదిలో కూర్చుంటే ఎప్పుడూ వచ్చే నలుగురే వస్తారు, వాళ్ల సమస్యే ఊరి సమస్యగా నమోదవుతుంది.

రెండు చిన్న నియమాలు పెద్ద తేడా చూపాయి. కిందటి వారం ఎవరు ఏం చెప్పారో దానికి జవాబు చెప్పాకే కొత్త విషయం అడగాలి, జవాబు "కాలేదు" అయినా సరే. ఫోన్ నంబరు వ్యక్తిది కాక, ఆ ఊళ్లకు కేటాయించిన సిమ్‌ది కావాలి. కానిస్టేబుల్ బదిలీ అయితే సిమ్ తర్వాతి వ్యక్తికి వెళ్లాలి. గోడ మీద రాసిన నంబరు బదిలీ అయిన మనిషితోపాటు వేరే జిల్లాకు వెళ్లిపోవడం నేను చాలా మండలాల్లో చూశాను.

మహిళా కానిస్టేబుల్‌ను విడిగా మహిళా సంఘాల సమావేశాలకు పంపడం వల్ల వేరే సంగతులు తెలిశాయి. మగవాళ్ల దగ్గర వైర్ల మాట ఎంత తరచుగా వచ్చిందో, ఆడవాళ్ల దగ్గర బెల్టు షాపుల మాట అంత తరచుగా వచ్చింది. ఈ విషయంలో ఫలితం తక్కువ. ఎక్సైజ్ శాఖతో కలిసి దాడులు చేశాం, సీసాలు పట్టుకున్నాం, మళ్లీ అమ్మబోమని తహసీల్దారు ముందు పూచీకత్తు రాయించి బైండోవర్ చేయించాం. ఒక ఇంట్లో మూసిన దుకాణం మరో ఇంట్లో తెరుచుకుంది. లైసెన్సు ఉన్న దుకాణం నుంచి ఊళ్లోకి సరుకు వస్తున్నంతకాలం మండల స్టేషన్ చేయగలిగింది కొద్దే. సంఘాలకు ఆ మాటే చెప్పాం.

రోడ్డు మీద వడ్లు

ఇక రెండో సమస్య. కోత మిషన్లు వచ్చాక వడ్లు పచ్చిగా, ఒక్కసారిగా రాశి పడుతున్నాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించితే తూకం వేయరు. చేతికోతల కాలంలో పనలు చేలోనే ఎండేవి. ఇప్పుడు ఎండబెట్టడానికి చోటు కావాలి, ఊళ్లో కల్లాలు లేవు, ఉన్న చదును తారు రోడ్డే. లారీలు రాక తూకం ఆలస్యమైతే అదే రాశి రోజుల తరబడి రోడ్డు పక్కన ఉంటుంది. రాత్రి దాని మీద నల్ల పరదా కప్పి, జరగకుండా అంచున బండరాళ్లు పెడతారు. మలుపులో ఆ నలుపు, తారు నలుపు కలిసిపోయి, బండి మీద వచ్చేవాడికి రాయి తగిలాక గానీ తెలియదు. తలకు హెల్మెట్ ఉండదు. స్టేషన్‌కు వచ్చిన మరణాల్లో కొన్నిటికి కారణం ఇదే.

అప్పటిదాకా మా శాఖ చేస్తూ వచ్చింది కేసు హెచ్చరిక. దారిని అడ్డగించడం న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద నేరం. పాత చట్టంలో 200 రూపాయలు ఉన్న జరిమానా ఇప్పుడు 5,000 దాకా పెరిగింది. ప్రాణం పోతే నిర్లక్ష్యం వల్ల మరణం కింద 106వ సెక్షన్ వస్తుంది. సీజన్‌కు ముందు చాటింపు వేయించేవారు, సీజన్‌లో రోడ్డు మామూలే. రైతుకు కేసు భయం కన్నా మొలకెత్తే వడ్ల భయం ఎక్కువ, వాన మబ్బు కనిపిస్తే అసలు చెప్పనక్కరలేదు.

కేబుల్ దొంగలు పట్టుబడ్డాక వచ్చిన యాసంగి కోతలకు ముందు, అవే ఊళ్లలో అదే వీపీవోలు ఈ మాట ఎత్తారు. ఈసారి రైతులు కూర్చుని మాట్లాడారు. రోడ్డు మీద ఆరబోసుకోమని అనుమతి ఇచ్చే అధికారం మాకు లేదని మొదటే చెప్పాం. అలా ఇచ్చినట్టు కనిపించే ఏ మాటా, ఏ కాగితమూ ఉండకూడదని వీపీవోలకు ప్రత్యేకంగా హెచ్చరిక. చర్చ అంతా వేరే చోటు ఎక్కడ అన్నదాని మీదే. ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులు వస్తాయి కనుక ప్రధానోపాధ్యాయులను, విద్యాశాఖను అడిగి బడి మైదానాలు, రైతు వేదిక ఆవరణ, ఒక ఊళ్లో గుడి ముందున్న ఖాళీ జాగా, ఇంకో ఊళ్లో ఇళ్లు కట్టని ప్లాట్లు తీసుకున్నారు. ఎవరి రాశి ఎన్ని రోజులు ఉండాలో కొనుగోలు కేంద్రం నడిపే మహిళా సంఘమే టోకెన్ల వరుసలో చూసుకుంది. మా పని అక్కడ దాదాపు ఏమీ లేదు, అది చూసి సంతోషించాను.

చోటు చాలని ఊళ్లు మిగిలాయి. అక్కడ మేం పట్టుబట్టినవి రెండే: ప్రధాన రోడ్డు, మలుపులు, కల్వర్టుల మీద గింజ కూడా ఉండకూడదు, సూర్యాస్తమయం తర్వాత ఏ రోడ్డు మీదా రాశి గానీ, రాయి గానీ ఉండకూడదు. సాయంత్రం బ్లూకోల్ట్స్ (పోలీసు గస్తీ బైకు) బండి ఆ దారుల్లో తిరిగి, మిగిలిన రాళ్లను తీయించేది. రెండుసార్లు చెప్పినా తీయని వాళ్ల మీద కేసులు పెట్టాం, వాళ్లలో పలుకుబడి ఉన్న ఒక పెద్ద రైతు కూడా ఉన్నాడు. ఆ ఒక్క కేసు తక్కిన చాటింపులన్నిటికంటే ఎక్కువ పనిచేసింది. పోలీసు కళాబృందం ఊళ్లలో పాటలు పాడింది. వినడానికి జనం బాగానే వచ్చారు, దానివల్ల రాళ్లు తగ్గాయని మాత్రం చెప్పలేను.

ఆ సీజన్‌లో వడ్ల రాశి తగిలి ప్రాణం పోయిన సంఘటన మా పరిధిలో జరగలేదు. ఒక్క సీజన్ చూసి దాన్ని ఫలితంగా ప్రకటించడం నిజాయితీ కాదు: ఆ ఏడు లారీలు కొంత త్వరగా వచ్చాయి, వానలు ఆలస్యమయ్యాయి. అయితే సాయంత్రం పూట రోడ్డు ఖాళీ చేయడం అన్నది చాలా ఊళ్లలో మేం అడగకుండానే జరిగింది, దాన్ని వీపీవోల పుస్తకాల్లో చూశాను.

మిగిలిపోయినవి

కేబుల్ దొంగతనాలు మా మండలంలో తగ్గిన కాలంలోనే పక్క మండలంలో పెరిగినట్టు అక్కడి అధికారి చెప్పారు. కాలువకు మండలం సరిహద్దు తెలియదు, దొంగకూ తెలియదు. నష్టాల పుస్తకం పద్ధతిని అక్కడికి కూడా తీసుకెళ్లి, కాలువ వెంబడి ఉన్న స్టేషన్లన్నీ పాత సామాన్ల దుకాణాల వివరాలు పంచుకోవాలని సీఐ స్థాయిలో నిర్ణయించారు. బదిలీ సమయంలో ఆ పుస్తకాలను, కేటాయించిన సిమ్‌ల జాబితాను, ఊరూరికీ ఆరబోతకు ఒప్పుకున్న స్థలాల పట్టికను తర్వాతి అధికారికి బాధ్యతలు అప్పగించే ఛార్జ్ లిస్టులో చేర్చి ఇచ్చాను. బెల్టు షాపుల మీద మహిళా సంఘాలు ఇచ్చిన దరఖాస్తులు కూడా అదే లిస్టులో, పెండింగ్ కింద ఉన్నాయి.